గంటమ్మమ్మ రోడ్డు దాటిన రోజు

మా అక్కంత పిరికిది ఈ ఊళ్ళో ఇంకొకరు లేరు. ఈ మాట నేను ఆమె ముందూ అంటాను, వెనకా అంటాను. బల్లి కనబడితే మంచమెక్కుతుంది. కరెంటు పోతే "అమ్మో" అంటుంది, వస్తే కూడా "అమ్మో" అంటుంది. మున్సిపాలిటీ బడిలో ముప్పై ఏళ్ళుగా అటెండరు. అయినా సరే, ఇప్పటికీ పెద్దమాస్టారు "ఓసారి ఇలా రామ్మా" అని పిలిస్తే ఉద్యోగం ఊడిందనే అనుకుంటుంది. తీరా వెళ్తే ఆయనకి కావలసింది మంచినీళ్ళు.

గంట కొట్టేది ఆమే. చెక్క పిడి ఉన్న ఇత్తడి గంట. దాన్ని పట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ ఊపుతుంది. అందుకే పిల్లలందరికీ ఆమె గంటమ్మమ్మ. ఒక్క పిల్లకి మాత్రమే నిజంగా అమ్మమ్మ. ఆ పిల్ల సంగతి చెబుతాను, కంగారు పడకండి.

బడి ఉన్న వీధి వెళ్ళి పెద్దరోడ్డును కలిసే మూల మీద నా కుట్టు షాపు. పిల్లలు తగ్గిపోతున్నారని కౌన్సిల్ వాళ్ళకి ఎప్పుడు తెలిసిందో గానీ, నా మిషన్‌కి ఎప్పుడో తెలుసు. ఒకప్పుడు బడి తెరిచే ముందు నెలంతా యూనిఫారం గుడ్డ తాన్లు గుమ్మం దాకా ఉండేవి. కొలతలకి వచ్చిన పిల్లలు కుదురుగా నిలబడక, టేపు పట్టి లాగి, గుండుసూదులు తొక్కి ఏడ్చి, నా చేత తిట్లు తిని పోయేవాళ్ళు. తర్వాత ప్రైవేటు బడుల వ్యాన్లు మా వీధిలోకే వచ్చి హారన్ కొట్టడం మొదలుపెట్టాయి. బట్టల మిల్లులో ఒక షిఫ్టు ఎత్తేశాక కొన్ని కుటుంబాలు సామాను కట్టుకుని ఊరు వదిలాయి. మిగిలినవాళ్ళు ఒక్కరు చాలు, ఇద్దరు చాలు అనుకున్నారు. పోయిన ఏడాది నేను తెచ్చింది ఒక్క తాను. అందులోనూ సగం మిగిలిపోయింది.

ఇక ఆ పిల్ల. అక్క కూతురి కూతురు, ఏడేళ్ళది. రెండో ఏట జ్వరం వచ్చింది, ఆ జ్వరం పోతూ పోతూ చెవులు పట్టుకుపోయింది. ఒక చెవిలో గట్టిగా అరిస్తే ఏదో కొంచెం తెలుస్తుంది, రెండో చెవి పూర్తిగా సున్నా. చెవి మిషన్ కొనిపెడితే లోపల హోరు తప్ప ఏమీ లేదని పీకి పారేసింది. వినపడదు కాబట్టి తల అటూ ఇటూ తిప్పుతూ అన్నీ కళ్ళతోనే కనిపెట్టుకుంటుంది. అందుకే మేం దాన్ని పిచ్చుక అంటాం. వాళ్ళమ్మ పొద్దున్నే మిల్లు బస్సు ఎక్కితే చీకటిపడ్డాకే దిగుతుంది. అల్లుడు ఉన్నాడా అంటే ఉన్నాడు. ఎక్కడ ఉన్నాడని మాత్రం అడక్కండి.

ఆ బడి మొత్తం పిచ్చుకకి అలవాటు పడిపోయింది. మాటలు కాస్త ముద్దగా వస్తాయి గానీ అందరికీ అర్థమవుతాయి. టీచరమ్మ పిలవాలంటే దాని బల్ల మీద తడుతుంది, బల్ల అదిరితే అది తలెత్తుతుంది. పిల్లలు దాన్ని పేరు పెట్టి పిలవరు, భుజం తడతారు. గంట వేళకి మాత్రం అది ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి వాళ్ళమ్మమ్మ మోచెయ్యి పట్టుకుంటుంది. గంట ఊగుతుంటే ఆ అదురు చేతిలోకి వస్తుంది కదా, అలా వింటుందన్నమాట. "అమ్మమ్మా, ఇవాళ గంట కోపంగా ఉంది" అని నవ్వుతుంది.

అలాంటి బడిని తీసేస్తారని ఒక మధ్యాహ్నం అక్క నా షాపులోకి వచ్చి చెప్పింది. వచ్చి, గుడ్డల మూట మీద కూలబడింది.

"చెల్లీ, మన బడి తీసేస్తారటే."

"ఎవరన్నారు?"

"పెద్దమాస్టారే. రెండు బళ్ళున్నాయి, ఉన్న పిల్లలు ఒక్క బడికే చాలీచాలకుండా ఉన్నారట. కౌన్సిల్ వాళ్ళు వచ్చి రెండూ చూసి, ఒకటి ఉంచి ఒకటి మూసేస్తారట."

"మూస్తే మూశారు. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే, ఆ బళ్ళోకి మారుస్తారు. దీనికింత దిగులా?"

"ఉద్యోగం కాదే మొద్దూ! ఆ బడి ఎక్కడుంది?"

తొక్కుతున్న మిషన్ ఆపేశాను. గుమ్మంలోంచి చూస్తే, వరసగా పోతున్న కంకర లారీల సందుల్లో, పెద్దరోడ్డు అవతల ఆ బడి పైకప్పు కనబడింది. రోజూ చూసే పైకప్పే.

ఆ రోడ్డు గురించి చెప్పాలి. దాన్ని వెడల్పు చేసిన ఏడాది ఒక లారీ మలుపు తప్పి, నా షాపు పక్కనున్న టీ బండిని ఊడ్చుకుపోయింది. బండాయన అప్పుడే పాలకోసం పక్కకి వెళ్ళాడు కాబట్టి బతికి బట్టకట్టాడు. అక్క అక్కడే ఉంది, చేతిలో టీ గ్లాసుతో. గ్లాసు పగల్లేదు, టీ ఒలకలేదు, మనిషికి మాత్రం రెండు రోజులు నోట మాట రాలేదు. అప్పటి నుంచి ఆమె ఆ రోడ్డు దాటలేదు. మందుల షాపు అటుపక్కే ఉంది. తలనొప్పి బిళ్ళ కావాలన్నా నన్నే పంపుతుంది. నేను అటు వెళ్ళి వచ్చేదాకా నా గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటూ ఉంటుంది.

ఏ బడి బాగుంటే ఆ బడి ఉంచుతారు. ఇదీ అక్క లెక్క. అందులో తప్పేముంది? నాకూ సబబుగానే తోచింది. అవతలి బడి వాన పడితే కురుస్తుంది, గోడలు బీటలిచ్చాయి. మనది మెరిసిపోవాలి అనుకుంది అక్క. ఇక చూడాలి ఆ మనిషిని! నేలని బ్రష్షు పెట్టి తోమింది. బల్లల మీద ముప్పై ఏళ్ళ సిరా మరకలు గరుకు కాగితంతో గీకింది. పిల్లలు లేక ఏళ్ళ తరబడి మూతపడ్డ మూడు గదులు కూడా తెరిచి, బూజు దులిపి, గోడలకి తనే సున్నం కొట్టింది. కారే కుళాయిలకి వాషర్లు వేయించింది. నా దగ్గర మిగిలిపోయిన సగం తాను ఉంది కదా, దానితో కిటికీలన్నిటికీ కర్టెన్లు కుట్టి ఇచ్చాను. అంచులు మడిచి, రింగులు వేసి మరీ.

ఇంత చేస్తున్నా ఆమెకి ముద్ద దిగేది కాదు. పళ్ళెం ముందు కూర్చుని వీధిలోకి చూసేది. లారీ హారన్ పడితే చాలు, ఉలిక్కిపడి పిచ్చుక ఎక్కడుందో వెతికేది. అది ఒళ్ళోనే ఉండేది.

"అక్కా, శుభ్రం ఒక్కటే చాలదు, నోరు కూడా తెరవాలి" అన్నాను. "వాళ్ళు వచ్చినప్పుడు మూడు ముక్కలు చెప్పు. అయ్యా, మా మనవరాలికి వినపడదు. ఆ రోడ్డు దాటలేదు. ఈ బడి ఉంచండి. అంతే."

"నాకు మాట రాదే వాళ్ళ ముందు."

"రాకపోతే నేను చెబుతా."

"వద్దు తల్లీ! నువ్వు చెబితే ఉన్న బడి కూడా ఆరోజే కూలగొడతారు."

సరే, తనే చెబుతానంది. నేల తోముతూ వల్లె వేసింది. అయ్యా, మా మనవరాలికి వినపడదు. తోముడు. ఆ రోడ్డు దాటలేదు. తోముడు. పిల్లలు కూడా విని విని నేర్చేసుకున్నారు.

వాళ్ళు వచ్చారు. చైర్మన్ గారు, ఇద్దరు కౌన్సిలర్లు, టేపు పట్టుకుని ఒక ఇంజనీరు. నేను కర్టెన్ సరిచేస్తున్నట్టు నటిస్తూ కిటికీ దగ్గర నిలబడ్డాను. చైర్మన్ గారు చెడ్డమనిషేం కాదు. గుమ్మంలో గోనెపట్టా కనబడితే బూట్లు తుడుచుకుని మరీ లోపలికి వచ్చారు. గదులన్నీ తిరిగారు, కిటికీ చట్రం మీద వేలుపెట్టి గీశారు. వేలికి ఏమీ అంటలేదు.

"మన మున్సిపాలిటీలో ఇంత శుభ్రమైన బిల్డింగు నేనెక్కడా చూడలేదు! ఎవరు చేస్తారు ఇదంతా?"

పెద్దమాస్టారు అక్కని చూపించారు. అక్క గోడకి అతుక్కుపోయింది.

"శభాష్! ఏమ్మా, ఏమైనా ఇబ్బంది ఉందా? భయపడకు, చెప్పు."

ఇంతకంటే మంచి సమయం దొరుకుతుందా? నేను కిటికీ దగ్గర్నుంచి కళ్ళతోనే పొడిచాను. అక్క నోరు తెరిచింది. గొంతు కదిలింది. పిచ్చుక వాళ్ళమ్మమ్మ పెదాల వైపే చూస్తోంది.

"అంతా బాగుందండి. ఏ ఇబ్బందీ లేదండి."

ముప్పై ఏళ్ళుగా ఏ ఆఫీసరు వచ్చి అడిగినా అటెండరు చెప్పే మాట అదొక్కటే. కుళాయి పనిచెయ్యకపోయినా అదే, జీతం ఆలస్యమైనా అదే. అలవాటైన నోరు అలవాటైన మాటే అంది. వాళ్ళు వెళ్ళిపోయాక నేను నెత్తి కొట్టుకున్నాను. నాకు ఇంకొకటి కూడా అర్థం కాలేదు. పిల్లల బడి చూడ్డానికి వచ్చిన ఇంజనీరు, పిల్లలు లేని ఆ మూడు గదులూ అంత శ్రద్ధగా టేపుపెట్టి ఎందుకు కొలిచాడో.

అర్థమయ్యింది, కౌన్సిల్ మీటింగులో. షాపు మూసేసి అక్కని లాక్కుని వెళ్ళాను. పెద్దమాస్టారు మా పక్కనే కూర్చున్నారు. గుమాస్తా మైకులో చదివాడు. పెద్దరోడ్డు ఇవతలి బడి భవనం మంచి స్థితిలో ఉన్నందున, అద్దె ఇంట్లో ఇరుకున పడుతున్న వార్డు ఆఫీసును అందులోకి మార్చాలనీ, పిల్లలను అవతలి బడిలో కలపాలనీ తీర్మానమట. అవతలి భవనం ఆఫీసుకి పనికిరాదట. బడికైతే పనికొస్తుందట! పెద్దమాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

నేను లేచాను. అక్క "కూర్చోవే, కోప్పడతారు" అని నా చెయ్యి పట్టి లాగుతోంది.

"ఏమండీ! ఆ బళ్ళో చెవులు వినపడని పిల్ల ఉందండీ. ఆ లారీల మధ్య ఎలా దాటుతుందండీ?"

చైర్మన్ గారు మెత్తగానే అన్నారు. "రోడ్డే కదమ్మా. పదడుగులు వేస్తే అవతలపక్క. రోజూ ఎంతమంది దాటడం లేదు?"

"వాళ్ళకి హారన్ వినపడుతుందండీ! దీనికి వినపడదు."

"ఎవరైనా పెద్దవాళ్ళు తోడు వెళ్ళాలి మరి."

"పోనీ ఒక స్పీడు బ్రేకరైనా వేయించండి."

"ఆ రోడ్డు మా కింద లేదమ్మా. పైవాళ్ళకి రాస్తాం. మీ అక్కగారిని మాత్రం మేం వదులుకోం. వార్డు ఆఫీసులో కూడా ఆవిడే అటెండరు. భవనాన్ని అలాగే కాపాడాలి. ఆ కర్టెన్లు కూడా చాలా బాగున్నాయి, ఉండనివ్వండి."

ఎవరో చప్పట్లు కొట్టారు. నా ఒళ్ళు మండిపోయింది. అక్క మాత్రం, భయమో అలవాటో, లేచి నిలబడి తలూపింది.

తిరిగి వస్తూ అక్క నా షాపు దగ్గర ఆగి, పెద్దరోడ్డు వైపు చూస్తూ ఒక్క మాట అంది. "నా చేత్తో నేనే తుడిచి ఇచ్చానే వాళ్ళకి."



సెలవులు వచ్చాయి. అక్క ఒక నిర్ణయానికొచ్చేసింది. "అది బడికి పోదు. చదువు లేకపోతే ఏం, నేను చదివానా? బతికుంటే చాలు."

"నీకేమైనా మతిపోయిందా? అది చదివే పిల్ల. నేను దాటిస్తాలే పొద్దునా సాయంత్రం."

"నువ్వా! నీ కోపానికి నడిరోడ్డు మీద లారీవాడితో పోట్లాట పెట్టుకుంటావు. దాన్ని ఇంకొకరి చేతికివ్వను. నేనా, దాటలేను. ఇంక వదిలెయ్."

పిచ్చుక మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేది. పెద్దవాళ్ళ మాటలు చెవిలో పడకపోతే తెలియవనుకుంటాం. దానికి మొహాలు చదవడం మా అందరికంటే బాగా వచ్చు. "బడి ఎప్పుడు?" అని అడిగేది. అక్క మొహం పక్కకి తిప్పుకునేది.

సెలవులు ముగిసే వారంలో ఒక సాయంత్రం. నేను బొత్తాం కాజాలు కుడుతూ తలెత్తాను. పెద్దరోడ్డు అంచున, తెల్లగీత మీద, పిచ్చుక నిలబడి ఉంది. ఒక్కతే. వీపున బడి సంచి. తల అటు తిప్పుతోంది, ఇటు తిప్పుతోంది. ఒక కాలు ముందుకు వేసి, వెనక్కి తీసుకుంటోంది.

పిలుద్దామని నోరు తెరిచాను. పిలిస్తే ఏం లాభం? జీవితంలో అంత భయం నేనెప్పుడూ పడలేదు. మనం ఎంత అరిచినా అందని పిల్ల, ఎదురుగా లారీలు. చేతిలో సూది ఎక్కడ పడిందో తెలియదు, చెప్పుల్లేకుండా పరుగెత్తాను. అది మూడో అడుగు వెయ్యబోతుంటే సంచి పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం మట్టిలో పడ్డాం. లారీ గాలికి మా మొహాల నిండా దుమ్ము కొట్టింది.

"ఏం చేస్తున్నావే!" అని దాని చెవి దగ్గర అరిచాను.

"దాటడం నేర్చుకుంటున్నా చిన్నమ్మమ్మా" అంది. "అమ్మమ్మకి రాదుగా."

వెనక్కి తిరిగితే వీధిలో అక్క నిలబడి ఉంది. అంతా చూసింది. ఏడవలేదు, అరవలేదు. వచ్చి పిల్ల మోకాళ్ళకంటిన మట్టి దులిపింది. దులుపుతోందో కొడుతోందో తెలియలేదు.

బడి తెరిచే రోజే వార్డు ఆఫీసు కూడా తెరుస్తారని కబురొచ్చింది. తొమ్మిదింటికల్లా తలుపులు తీసి ఉంచమన్నారు. ఆ పొద్దున అక్క నా షాపు ముందుకు వచ్చింది. పక్కన పిచ్చుక, నిరుడు కుట్టిన యూనిఫారంలోనే, నిన్ననే కింద అంచు విప్పి పొడుగు చేశాను. అక్క నడుముకి తాళాల గుత్తి. చేతిలో ఇత్తడి గంట. ఆఫీసుకి గంటెందుకని పాత సామానులో పడేస్తే తెచ్చుకుందట.

"దీన్ని దింపేసి వచ్చి ఆఫీసు తీస్తా" అంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అక్కా, నేనూ వస్తానుండు."

"నువ్వు రాకు. నువ్వుంటే నీ వెనక దాక్కుంటాను."

రోడ్డంచున బడి పిల్లలు ఇంకొందరు, వాళ్ళ అమ్మలూ నాన్నలూ నిలబడి ఉన్నారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారే గానీ ఎవరికీ కాలు ముందుకు పడటం లేదు. అక్క వాళ్ళ ముందుకెళ్ళి నిలబడింది. పిచ్చుక ఆమె మోచెయ్యి పట్టుకుంది. అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను చూశాను, ఒట్టు, గట్టిగా మూసుకుంది. గంట ఎత్తి కొట్టడం మొదలుపెట్టింది.

వరండాలో కొట్టినట్టే. అదే ఊపు, అదే నడక. కొట్టుకుంటూ రోడ్డు మీదికి దిగింది. మోచెయ్యి పట్టుకున్న పిల్ల అటూ ఇటూ చూస్తూ, ఆగాల్సిన చోట ఆమెని వెనక్కి గుంజుతూ, కదలాల్సినప్పుడు ముందుకు తోస్తూ నడిపిస్తోంది. గంట వినగానే మిగతా పిల్లలు, ఎవరూ చెప్పకుండానే, వాళ్ళ వెనక వరసకట్టారు. ఒక కంకర లారీ కీచుమని బ్రేకు వేసి, చక్రాలు ఈడ్చుకుంటూ వచ్చి, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏయ్ ముసలమ్మా, చావాలనుందా?" అని అరిచాడు.

"పిల్లలు! పిల్లలయ్యా!" అంటోంది అక్క, కళ్ళు తెరవకుండా, గంట ఆపకుండా.

దాటేశారు. అవతలి అంచున అక్క అలాగే నేలమీద కూర్చుండిపోయింది. పిచ్చుక ఆమె మొహం తడుముతోంది. కాసేపటికి లేచింది. రమ్మని నేను చెయ్యి ఊపాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఊపాను. మళ్ళీ అడ్డంగానే. ఇవతలికి ఒంటరిగా రావడానికి ఆమె దగ్గర ఇంకేమీ మిగల్లేదని అర్థమైంది. పిల్లలతో పాటు ఆ బడి గేటులోకి వెళ్ళిపోయింది.

తొమ్మిదైంది. కార్లు వచ్చాయి. ఆఫీసు తలుపులకి ఎర్ర రిబ్బను కట్టారు, కత్తెర నా దగ్గరే తీసుకెళ్ళారు. రిబ్బను వెనక తలుపులకేమో తాళం. అప్పుడు గుర్తొచ్చింది నాకు, గుత్తి అక్క నడుముకే ఉంది. మన బడికి రెండో గుత్తి ఎన్నడూ లేదు. పెద్దమనుషులంతా ఎండలో నిలబడి అద్దాల్లోంచి నా కర్టెన్లు చూస్తున్నారు.

చైర్మన్ గారే స్వయంగా నా షాపుకి వచ్చారు. "మీ అక్కగారేరమ్మా?"

"అటుపక్క బళ్ళో ఉందండి."

"తాళాలు ఆవిడ దగ్గరున్నాయట. ఒకసారి రమ్మనండి."

"రాదండి. సాయంత్రం పిల్లలతోనే వస్తుంది. తొందరైతే మీరే వెళ్ళి తెచ్చుకోండి. రోడ్డే కదండీ. పదడుగులు."

ఆయన నా వంక చూశారు. రోడ్డంచుకి నడిచారు. ఒక లారీ పోయింది. ఇంకొకటి పోయింది. సందు దొరికిందనుకుని ఒక కాలు ముందుకు వేశారు. హారన్ మోగింది, చటుక్కున వెనక్కి గెంతారు, చొక్కా గాలికి ఎగిరి మొహం మీద పడింది. పక్కకి తిరిగి గుమాస్తాతో "నువ్వు వెళ్ళు" అన్నారు. గుమాస్తా తన చెప్పుల వైపు చూసుకుని, "కాస్త రద్దీ తగ్గనివ్వండి సార్" అన్నాడు. అక్కడ రద్దీ తగ్గేది ఎప్పుడు?

నాకు నవ్వాగలేదు. షాపులోకి వచ్చి మిషన్ మీద తల వాల్చి, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే గుర్తొచ్చింది. సాయంత్రం వాళ్ళిద్దరూ మళ్ళీ ఇదే రోడ్డు దాటాలి. రేపు పొద్దున మళ్ళీ. పొద్దున ఆ లారీ ఆగింది. ప్రతి లారీ ఆగుతుందా?

బట్టలు ఎన్నో ఉన్నాయి కుట్టాల్సినవి. కానీ ఆ రోజు నేను మిషన్ తొక్కలేదు. తొక్కితే ఆ చప్పుడులో గంట వినపడదని.